తుక్కు ఎక్కడ పోస్తారు?

శిక్షణ కేంద్రం తనిఖీకి వెళితే ముందు కుర్చీ వేస్తారు, వెంటనే ఫైళ్లు పెడతారు. హాజరు పట్టీలు, పాఠ్య ప్రణాళిక, ప్రారంభోత్సవం ఫొటోలు, మార్కుల జాబితాలు అన్నీ వరుసగా ఉంటాయి. వాటి జోలికి పోకముందే నేను అడిగేది ఒకటే: "తుక్కు ఎక్కడ పోస్తారు?"

ఫిట్టర్ పని నేర్పేచోట బల్లల కింద ఇనుప రజను ఉండాలి. వెల్డింగ్ గదిలో కాలిపోగా మిగిలిన ఎలక్ట్రోడ్ ముక్కలు, కుట్టు గదిలో గుడ్డ పీలికలు, విరిగిన సూదులు, ఎలక్ట్రీషియన్ గదిలో ఒలిచి పారేసిన వైరు తొడుగులు కనబడాలి. కోర్సు సగం దాటినా గది అద్దంలా మెరుస్తోందంటే అక్కడ పాఠం జరిగి ఉండొచ్చు, పని మాత్రం జరగలేదు.

ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గా మొదలైన నా ఉద్యోగం, తర్వాత పాత వరంగల్ జిల్లా అంతా తిరిగి స్వల్పకాలిక కోర్సులకు పరీక్షలు పెట్టేదాకా వచ్చింది. నిధుల విడుదల ఆలస్యమైన కేంద్రాలను చాలానే చూశాను. భవనం అద్దె ఆపితే యజమాని ఊరుకోడు. జీతాలు ఆపితే బోధకులు ఊరుకోరు. ఇనుప పట్టీలు, గుడ్డ, వైరు కొనడం ఆపితే అడిగేవాళ్లు లేరు, నేర్చుకునేవాళ్లకు ఎంత సరుకు రావాలో తెలియదు కాబట్టి. అందుకే నాణ్యత మొట్టమొదట దెబ్బతినేది ముడిసరుకు దగ్గరే.

నిబంధనలు లేక కాదు. చేతిపనివారి శిక్షణ పథకం 1950లో మొదలైంది. 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి, అంటే ఎన్‌సీవీటీ, ఏర్పడింది. ఐటీఐలో ఫిట్టర్ యూనిట్‌కు 20 మంది, పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు అనే లెక్కలు మాకు కంఠతా వచ్చు. 2018లో వృత్తివిద్య మొత్తానికి నియంత్రణ సంస్థగా ఎన్‌సీవీఈటీని ప్రకటించారు. స్వల్పకాలిక కోర్సుల్లో నేర్పినవారే పరీక్ష పెట్టకుండా, బయటి సంస్థ నుంచి పరీక్షకుణ్ని పంపే పద్ధతి వచ్చింది. మంచి పద్ధతే. కాకపోతే ఆ పరీక్షకుడికి దొరికేది ఒక్కరోజు. ఎదురుగా బ్యాచ్ మొత్తం ఉంటుంది. సాయంత్రానికి మార్కులు ఎక్కించాలి.

ఆ ఒక్కరోజులో బట్టీ పట్టిన పనికీ వచ్చిన పనికీ తేడా పట్టుకోవడమే మా విద్య. మెట్ల దగ్గర కిందా పైనా స్విచ్‌లతో వెలిగే బల్బు వైరింగ్ చేయమంటే ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌లో దాదాపు అందరూ చేస్తారు. వారం రోజులు అదే చేసి ఉంటారు. నేను వైరింగ్ పూర్తయిన బోర్డులో ఒక లోపం పెట్టి, బల్బు ఎందుకు వెలగడం లేదో చూడమంటాను. అప్పుడు చేయి ముందు ఎటు పోతుందన్నదే పరీక్ష. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి బోర్డు ముట్టుకోకుండా నిలబడి, "సార్, ముందుగాల మెయిన్ బంద్ జేయనియ్యున్రి" అన్నది. లోపం పట్టడానికి ఆమెకు కొంచెం ఎక్కువ సమయమే పట్టింది. అయినా ఆ బ్యాచ్‌లో మా ఇంటి వైరింగ్ ఎవరికైనా అప్పగించమంటే ఆమెకే అప్పగిస్తాను. మార్కుల పట్టికలో వేగానికి ఒక గడి ఉంది. ఆ మాటకు గడి లేదు, భద్రత కింద పూర్తి మార్కులు వేశాను.

పెద్దవాళ్లకు నేర్పడంలో చిక్కు వేరు. పిల్లలు బడికి రాకపోతే ఇంట్లో అడుగుతారు. పెద్దవాళ్లు వస్తే ఇంట్లో అడుగుతారు, ఇవాళ కూలి ఎవరు తెస్తారని. పత్తి ఏరే రోజుల్లో, ఆ తర్వాత మిర్చి కోతల్లో ఆడవాళ్ల బ్యాచ్‌లు సగమవుతాయి. మేడారం జాతర వచ్చిన ఏడు మాఘంలో ఆ వారం ఎవరూ రారు. ఈ క్యాలెండర్ తెలియని కేంద్రం డిసెంబరులో బ్యాచ్ మొదలుపెట్టి, హాజరు పడిపోయిందని నేర్చుకునేవాళ్లను తిడుతుంది. వేలిముద్ర యంత్రం పెడితే దొంగ హాజరు తగ్గిన మాట నిజం. కానీ ఏళ్ల తరబడి పొలంలోనో మగ్గం మీదో పనిచేసి గీతలు అరిగిన వేళ్లను ఆ యంత్రం గుర్తుపట్టదు. ఎవరికి నేర్పాలని కేంద్రం పెట్టారో వాళ్లే గైర్హాజరీల జాబితాలోకి ఎక్కుతారు. అలాంటిచోట యంత్రంతోపాటు చేతి సంతకం పట్టీ కూడా పెట్టి, రెండూ సరిపోల్చమని రాస్తాను.

బట్టీ పట్టినదానికీ వచ్చినదానికీ తేడా అక్షరాస్యత కేంద్రాల్లోనూ ఇలాగే బయటపడేది. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్‌లో చదవడం, రాయడం, లెక్కలకు తలా 50 చొప్పున 150 మార్కుల పరీక్ష ఉండేది. పరీక్ష అయ్యాక నేను మహిళా సంఘం సభ్యులను పొదుపు పుస్తకం తీయమనేవాణ్ని. "అక్కా, ఈ నెల కిస్తీల వడ్డి ఎంత పట్టిన్రో సూసి చెప్తవా?" అంటే, పాఠ్యపుస్తకం గడగడా చదివినవాళ్లలో కొందరు ఆగిపోయేవారు. పుస్తకంలో తడబడినా వడ్డీ అంకె మీద వేలు పెట్టి, "గిది ఎక్కువ పట్టిన్రు" అన్నవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో వాళ్లు అక్షరాస్యులు.

పని తెలిసినవాళ్లు వరంగల్‌కు కొత్త కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో తరాల తరబడి పెద్దల పక్కన నిలబడే నేర్చుకున్నారు. కొత్తవాడలో జంపఖానా నేత ఇప్పటికీ ఇంట్లోనే అబ్బుతుంది. సర్టిఫికెట్ లేదు గానీ, తప్పు నేస్తే ఆ రోజే పట్టుకునే మనిషి పక్కనే ఉండేవాడు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగాక కుట్టు శిక్షణకు గిరాకీ పెరిగింది. కాలితో తొక్కే మిషన్ మీద జాకెట్టు కుట్టడం నేర్చుకున్న అమ్మాయి, కరెంటు మిషన్ ముందు కూర్చుని ఒకే అతుకును గంటకు ఇన్ని అని కుట్టాల్సి వస్తే మొదటి వారమే బెదిరిపోతుంది. అందుకే చివరి రోజులైనా ఫ్యాక్టరీ మిషన్ మీద, ఫ్యాక్టరీ వేగంతో చేయించాలి. బాగాలేని ముక్కను అప్పటికప్పుడు విప్పించి కుట్టించాలి.

1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు: నచ్చిందా, వచ్చిందా, పనిలో వాడుతున్నారా, దానివల్ల మేలు జరిగిందా. మా కాగితాలు ఎక్కువగా రెండో మెట్టు దగ్గరే ఆగుతాయి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, అంటే ఆర్‌సెటీలు, శిక్షణ తర్వాత రెండేళ్లపాటు అభ్యర్థుల బాగోగులు కనుక్కోవాలన్న నియమం అందుకే నాకు ఇష్టం. ఉద్యోగం మానేసినవాళ్లకు ఫోన్ చేస్తే పని రాక మానేశామని చెప్పేవాళ్లు తక్కువ. హాస్టల్ తిండి, రాత్రి షిఫ్టు, చెప్పిన జీతానికీ చేతికొచ్చిన జీతానికీ తేడా, ఇవీ వాళ్లు చెప్పే కారణాలు. ఉద్యోగం గురించి ముందే నిజం చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

ఇప్పుడు టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. సీఎన్‌సీ యంత్రాలు, రోబోలు వస్తున్నాయి. సంతోషమే. ఖరీదైన యంత్రం వచ్చాక, పాడవుతుందేమోనన్న భయంతో దాన్ని చూపించి ఊరుకునే ప్రమాదం కూడా వస్తుంది. వాటి మీద కోసి పాడుచేయడానికి లోహం, అరిగిన టూల్ మార్చడానికి డబ్బు, నేర్పేవాళ్లకు ముందుగా తర్ఫీదు, ఈ మూడూ ఏటా బడ్జెట్‌లో ఉండాలి.

కోర్సులో చేరబోయేవాళ్లు నన్ను సలహా అడిగితే, గోడ మీది ఫొటోలు చూసి మురిసిపోవద్దంటాను. నాకు వారానికి ఎంత సరుకు ఇస్తారు? మిషన్ మీద రోజుకు ఎన్ని గంటలు కూర్చోనిస్తారు? పోయిన బ్యాచ్‌లో ఇద్దరి నంబర్లు వాళ్లను అడిగి ఇస్తారా? ఈ మూడూ అడగమంటాను. మూడోదానికి తడుముకునే కేంద్రంలో చేరకపోయినా నష్టం లేదు.