నల్ల ఏటి లోయల్లో ఒక రోజు

మారిషస్ అంటే బయటివాళ్ళకు సముద్రం గుర్తొస్తుంది. మనకు చెరకు తోట గుర్తొస్తుంది. మన తాతముత్తాతలు గోదావరి పక్కన ఉన్న కోరింగ రేవులో ఓడ ఎక్కి వచ్చింది ఆ చెరకు పనికే. ఆ రేవు పేరు మీదే ఈ ద్వీపంలో తెలుగువాళ్ళను చాలా కాలం 'కొరింగీలు' అని పిలిచారు.

చెరకు రాకముందు ఈ నేల మీద ఏముండేది? అడవి ఉండేది. దాదాపు ద్వీపమంతా అడవే. అందులో ఇప్పుడు చెడిపోకుండా మిగిలింది నూటికి రెండు పాళ్ళ లోపే. ఆ మిగిలిన అడవిలో పెద్ద ముక్క నైరుతి దిక్కున కొండల మీద ఉంది. దాన్నే బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనం అంటాం. మీ ఇంటిల్లిపాదీ ఒక రోజు వీలు చేసుకుని అక్కడికి వెళ్ళాలని నా కోరిక. ఎప్పుడు వెళ్ళాలో, ఏ దారిన వెళ్ళాలో, ఏం చూడాలో ఇక్కడ చెబుతాను.

పేరులోనే తెలుగు

ముందు పేరు చూద్దాం. ఫ్రెంచి వాళ్ళు ఇక్కడి నదికి రివియేర్ న్వార్ అని పేరు పెట్టారు. అంటే నల్ల ఏరు. 'ఏరు' అంటే చిన్న నది. ఏరు కొండల మధ్య కోసుకుంటూ పోతే లోయ అవుతుంది. కాబట్టి మనం వెళ్ళేది నల్ల ఏటి లోయలకు. 'ఏరు' అనే మాట 'ఏటి' అని మారడం గమనించారా? నోరు నోటి అయినట్టు, ఏరు ఏటి అవుతుంది.

దారిలో మరో పేరు తగులుతుంది: మార్ ఓ వాకోవా. వాకోవా అనేది చెట్టు పేరు. ఆ చెట్టు మన మొగలి జాతిదే. ఆకులు పొడుగ్గా, అంచున ముళ్ళతో ఉంటాయి. అందుకే మార్ ఓ వాకోవాను తెలుగులో మొగలి చెరువు అనుకోవచ్చు. వాకోవా ఊరికి కూడా ఆ చెట్టు పేరే వచ్చింది. మార్ లాంగ్ అంటే పొడుగు చెరువు. గ్రాన్ బస్సాన్ అంటే పెద్ద తటాకం. కారులో పిల్లలు విసుగుపడితే ఈ పేర్లను తెలుగులోకి మార్చే ఆట ఆడించండి. పెద్దవాళ్ళకు కూడా సరదాగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలి

ఈ వనం 1994లో ఏర్పడింది. మన దేశంలో మొదటి జాతీయ వనం ఇదే. విస్తీర్ణం సుమారు 6,500 హెక్టార్లు. ద్వీపంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 828 మీటర్ల నల్ల ఏటి శిఖరం, ఈ కొండల్లోనే ఉంది.

ఎత్తు ఎక్కువ కాబట్టి వాన కూడా ఎక్కువ. పడమటి తీరంలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు కూడా పడదు. మధ్యలో ఉన్న ఎత్తు నేల మీద మాత్రం కొన్ని చోట్ల 4,000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. తీరంలో ఎండ కాస్తోంది కదా అని చొక్కాతో బయల్దేరితే, గంట తర్వాత కొండ మీద వణుకుతూ నిలబడతారు.

మే నుంచి అక్టోబరు దాకా చల్లగా ఉంటుంది, నడవడానికి హాయి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్లు, పెద్ద వానలు. అప్పుడు జలపాతాలు నిండుగా దూకుతాయి, నిజమే. కానీ బాటలు జారతాయి, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. ముందు రోజు రాత్రి వాతావరణ శాఖ హెచ్చరిక వినండి. భారీ వాన అని చెబితే ప్రయాణం మరో వారానికి మార్చుకోండి. అడవి ఎక్కడికీ పోదు.

ఏ నెలలో వెళ్ళినా పొద్దున్నే బయల్దేరండి. కొండ మీద మధ్యాహ్నానికి తరచు మబ్బు కమ్ముతుంది. మబ్బు కమ్మితే లోయ కనబడదు.

పొద్దున: పెత్రాన్ దగ్గర అడవి

క్యూర్‌పైప్ వైపు నుంచి వస్తే మొగలి చెరువు పక్క నుంచి పెత్రాన్ చేరుకుంటారు. మొగలి చెరువు ద్వీపంలో అతి పెద్ద జలాశయం. కొండ మీద పడిన వాన ఇక్కడ నిలుస్తుంది. ఎగువ ప్లేన్ విల్లియమ్స్ ఇళ్ళకు వెళ్ళే మంచినీళ్ళు ఇక్కడివే. కారు ఒక్క నిమిషం ఆపి పిల్లలకు చూపించండి. కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఎక్కడ పుట్టాయో వాళ్ళకు తెలియాలి.

పెత్రాన్‌లో వనం వాళ్ళ సమాచార కేంద్రం ఉంది. బాటల పటం అక్కడ చూసుకోండి. ఏ బాట తెరిచి ఉంది, ఏది మూశారు అని అడగండి. ఇక్కడి నుంచి మాకాబే అడవిలోకి దారి ఉంది. మొదట్లో వెడల్పుగా, దాదాపు సమతలంగా ఉంటుంది. కాబట్టి అవ్వ, తాత కూడా కొంత దూరం నడవగలరు. అరగంట నడిచి, అరగంటలో వెనక్కి వచ్చినా చాలు.

కుర్రవాళ్ళు ఉంటే ఈ దారిన లోయలోకి దిగి, పడమటి వైపు నల్ల ఏటి కేంద్రం దాకా పోవచ్చు. మొత్తం సుమారు 10 కిలోమీటర్లు. దిగే చోట వాలు బాగా నిటారుగా ఉంటుంది. రెండో చివర కారు సిద్ధంగా ఉంచుకోకపోతే మళ్ళీ అంత ఎత్తూ ఎక్కాల్సిందే.

ఈ అడవిలో ఏం చూడాలి? ముందు చెట్లు చూడండి. ఇక్కడి ఎబొనీ చెట్టు మన తునికి చెట్టుకు చుట్టం. తెలుగు దేశంలో తునికి ఆకుతో బీడీలు చుడతారు. ఎబొనీ చేవ నల్లగా, ఇనుములా ఉంటుంది. డచ్చివాళ్ళు 1638లో ఇక్కడ కాపురం పెట్టి, ఆ చేవ కోసం చెట్లు నరికారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు చెరకు కోసం ఇంకా నరికించారు. ఆ చెరకు నాటింది, కోసింది మన వాళ్ళు. నరకమన్నది వాళ్ళు కాదు, లాభం తిన్నదీ వాళ్ళు కాదు. అయినా ఈ అడవి పోయిన చోటే మన కుటుంబాలు బతికాయి. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. మన కష్టం ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

తర్వాత పక్షుల కోసం చెవి పెట్టండి. ఈ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పుట్టని పక్షులు ఇక్కడ ఉన్నాయి. ఒకటి గులాబీ పావురం. 1990ల మొదట్లో అడవిలో పది దాకా మాత్రమే మిగిలాయి. రెండోది మన రామచిలుకకు దగ్గరి చుట్టమైన పచ్చ చిలుక. మూడోది చిన్న డేగ. 1974లో అడవిలో తెలిసినవి నాలుగంటే నాలుగే. డోడో దారినే ఇవీ పోవలసినవి. మనుషులు పూనుకుని గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, మళ్ళీ అడవిలో వదిలారు. అందుకే ఇవాళ మీరు వాటిని చూడగలుగుతున్నారు. పోయినవన్నీ తిరిగి రావు. కానీ పోబోతున్నదాన్ని నిలబెట్టవచ్చు. ఆ మాట మన భాషకూ సరిపోతుంది.

ఎర్ర జామ సంగతి

మార్చి దాటాక ప్లేన్ షాంపేన్ రోడ్డు పక్కన జనం బుట్టలు పట్టుకుని తిరుగుతూ కనిపిస్తారు. వాళ్ళు ఏరేది గోయావ్ ద షిన్, చిన్న ఎర్ర జామ. కారం, ఉప్పు అద్దుకుని తింటే ఆ రుచే వేరు. కానీ ఈ చెట్టు ఇక్కడిది కాదు, బ్రెజిల్‌ది. గుబురుగా పెరిగి, స్థానిక చెట్ల మొలకలకు ఎండ తగలనివ్వదు. అందుకే వనం సిబ్బంది కొన్ని చోట్ల కంచె వేసి, ఈ జామ మొక్కల్ని పీకి, పాత చెట్లకు చోటు ఇస్తున్నారు. కంచె కనబడితే లోపలికి వెళ్ళకండి. ఆ కంచె లోపల ఒక పాత అడవి మళ్ళీ మొలకెత్తుతోంది.

జలపాతాలు

పెత్రాన్ నుంచి షామరెల్ వైపు పోయే రోడ్డు మీదే రెండు చోట్లు ఉన్నాయి: అలెగ్జాండ్రా జలపాతం, లోయ కనిపించే గట్టు. రెండింటికీ కారు ఆపిన చోటు నుంచి కొద్ది నడక చాలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కూడా రాగలరు. అలెగ్జాండ్రా దగ్గర నిలబడితే ఒక పక్క నీళ్ళు పడుతుంటాయి, మరో పక్క దక్షిణ తీరం, సముద్రం కనిపిస్తాయి. గట్టు మీద నుంచి చూస్తే లోయలో పచ్చదనం, అంచున తెల్లటి దారంలా జలపాతం.

ఇక్కడ మూడు తెలుగు మాటలు నేర్చుకోండి. చిన్నగా పారేది సెలయేరు. వాన పడితే పొంగేది వాగు. ఎత్తు నుంచి పడేది జలపాతం. 'జలం' అంటే నీరు, 'పాతం' అంటే పడటం.

షామరెల్ జలపాతం ఎత్తు సుమారు 100 మీటర్లు. అది వనం బయట ఉంది, టికెట్టు కొనాలి. ఆన్రియెట్టా దగ్గరి ఏడు జలపాతాలు కూడా వనం బయటే. అక్కడ దారి కష్టం, రాళ్ళు జారతాయి. దారి తెలిసినవాళ్ళు లేకుండా దిగకండి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు దాన్ని ఈ రోజు జాబితాలో పెట్టుకోకపోవడమే మంచిది.

మధ్యాహ్నం: గంగా తలావు

భోజనం అయ్యాక పెత్రాన్ కూడలికి తిరిగి వచ్చి, తూర్పు వైపు తిరగండి. కొద్ది దూరంలోనే గ్రాన్ బస్సాన్. పాత అగ్నిపర్వతం నోట్లో నిలిచిన నీళ్ళు ఇవి. 1897లో ఒక పూజారికి ఈ చెరువు గురించి కల వచ్చిందని, మరుసటి ఏడు త్రియోలే నుంచి భక్తులు నడిచి వచ్చారని చెబుతారు. 1972లో భారతదేశం నుంచి తెచ్చిన గంగ నీళ్ళు ఇందులో కలిపారు. అప్పటి నుంచి గంగా తలావు అంటున్నాం. మహాశివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచి జనం కావళ్ళు మోసుకుంటూ నడిచి వస్తారు.

శివరాత్రి జనంలో మనకు చెరువు సరిగా కనిపించదు. మామూలు రోజున కనిపిస్తుంది. మెట్ల మీద కూర్చుని నీళ్ళ చుట్టూ చూడండి: గుళ్ళ వెనక చెట్లు, చెట్ల వెనక కొండ. దేవుడి కోసం వచ్చే చెరువు, అడవి కోసం వచ్చే వనం వేర్వేరు అనుకుంటాం గానీ, రెండూ ఒకే కొండ మీద, ఒకే వాన నీటితో బతుకుతున్నాయి. పూలు, పండ్లు సమర్పిస్తే సరే. ప్లాస్టిక్ సంచి, అగరుబత్తి పెట్టె మాత్రం ఇంటికి తెచ్చుకోండి. గంగ అని పిలిచి చెత్త వేయడం మనకు తగదు.

ఏం తీసుకెళ్ళాలి

నీళ్ళ సీసాలు, వాన కోటు, స్వెట్టరు, జారని బూట్లు, మందులు, ఒక ఖాళీ సంచి. సంచి మీ చెత్త కోసం. తిండికి పులిహోర కట్టుకోండి, రోజంతా పాడవదు. దాల్‌పూరీ దారిలో కొనుక్కోవచ్చు. కోతులు ఉన్న చోట పొట్లం విప్పకండి, వాటికి ఏమీ పెట్టకండి. తిండికి అలవాటు పడిన కోతి చేతిలోది లాక్కుంటుంది.

సొంత కారు లేకపోతే రెండు మూడు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకోండి. అలా వెళ్తే మరో లాభం ఉంది. వ్యానులో కనీసం ఒక పెద్దాయనో, పెద్దావిడో ఉంటారు. ఇప్పుడు మన ఇళ్ళలో తెలుగు ధారాళంగా మాట్లాడేది వాళ్ళే. వాళ్ళ పక్కన సీటు పిల్లలకు ఇవ్వండి. "అవ్వా, దీన్ని ఏమంటారు?" అని అడగమనండి. రాయి, నాచు, తుప్ప, ఊట, పొగమంచు: ఈ మాటలు పుస్తకంలో చదివితే మర్చిపోతాం. తడిసిన రాయి మీద చెయ్యి పెట్టి వింటే గుర్తుంటాయి.

మోకాళ్ళు బాగున్నప్పుడే పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకండి. క్యాలెండరు తీసి, ఈ చలికాలంలో ఒక ఆదివారం మీద గుర్తు పెట్టండి. ఆ తర్వాత అవ్వకు ఫోను చేసి, ఆ రోజు ఖాళీగా ఉంచుకోమని తెలుగులోనే చెప్పండి.