ఘాట్ దారిలో చక్రాన్ని నిలిపే కీలు

మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి సాగే హైదరాబాద్–శ్రీశైలం రహదారిపై కారు నడిపేవారు చేతిలోని స్టీరింగును ఎంతగా నమ్ముకుంటారో, ఆ స్టీరింగు తిప్పిన మేరకు చక్రాన్ని మళ్లించే కడ్డీ గురించి అంతగా ఆలోచించరు. సాంకేతిక గ్రంథాలు ఇన్నర్ టై రాడ్ అని పేర్కొనే ఈ కడ్డీని మెకానిక్ షెడ్లలోనూ విడిభాగాల దుకాణాలలోనూ ఎక్కువగా ర్యాక్ ఎండ్ అంటారు. అరిగిన ర్యాక్ ఎండ్‌ను ఇంటి వాకిట్లోనే మార్చుకోవడం ఓపికా సరైన పనిముట్లూ ఉన్నవారికి అసాధ్యం కాదు. అయితే చేతిపని ఎక్కడ ముగుస్తుందో, కొలత పరికరం ఎక్కడ మొదలవుతుందో తెలిసి చేసినప్పుడే అది మరమ్మతు అనిపించుకుంటుంది.

నేటి కార్లలో అధిక భాగం ర్యాక్ అండ్ పినియన్ అనే పద్ధతిలో మలుపు తిరుగుతాయి. స్టీరింగు కాడ చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది తిరిగినప్పుడు దానితో పెనవేసుకుని ఉన్న ర్యాక్ అనే పళ్లకడ్డీ కుడికో ఎడమకో జరుగుతుంది. ఆ పళ్లకడ్డీ రెండు కొసలకూ చెరొక ర్యాక్ ఎండ్ మరచుట్లతో బిగించి ఉండగా, దాని అవతలి కొసకు టై రాడ్ ఎండ్ అనే మరో కీలు తగులుకుని చక్రాన్ని మోసే నకిల్ భాగాన్ని పట్టుకుంటుంది. లోపలి కీలు నిర్మాణం మనిషి తుంటి కీలు వంటిది: నున్నని ఉక్కు గోళం ఒక గిన్నెలో ఇమిడి, గ్రీజు తడిలో అన్ని వైపులకూ కదలగలుగుతుంది. చక్రం గుంతలో దిగి లేచినా పళ్లకడ్డీకి చక్రానికి మధ్య సంబంధం తెగకుండా ఉండటానికి ఈ కదలికే ఆధారం.

మలుపులో రెండు ముందు చక్రాలు ఒకే కోణంలో తిరగకూడదు. లోపలి చక్రం చిన్న వలయంలోనూ బయటి చక్రం పెద్ద వలయంలోనూ పోవాలి కనుక లోపలిది కొంత ఎక్కువ తిరగాలి. మ్యూనిక్‌కు చెందిన బండ్ల నిర్మాత జార్జ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో రూపొందించిన ఈ అమరికకు రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో లండన్‌లో పేటెంటు తీసుకోవడం వల్ల దానికి ఆకర్‌మన్ పేరే స్థిరపడింది. గుర్రపు బండి కోసం పుట్టిన ఆ లెక్క నేటికీ కారు టై రాడ్లలోనూ వాటికి తగిలే నకిల్ చేతులలోనూ జీవించి ఉంది. కీలు అరిగి వదులైనప్పుడు మొదట చెడేది ఆ లెక్కే.

ర్యాక్ ఎండ్ ఆయుష్షును నిర్ణయించేది దానిపై ముడతలుగా తొడిగి ఉండే రబ్బరు బూటు. అది చిరిగిందంటే దుమ్మూ నీరూ లోపలికి చేరి, గ్రీజు ఇసుకతో కలిసి గోళాన్ని రాపిడి పెడుతుంది. అమ్రాబాద్ పీఠభూమిపై ఇందుకు అవకాశాలు ఎక్కువ. తారు రోడ్డు దిగి పెంటలనే చెంచు గూడేలకూ తండాలకూ పోయే మట్టిబాటలు, వానాకాలంలో దారికి అడ్డంగా పారే వాగులు, చైత్ర పౌర్ణమి వేళ సలేశ్వరం జాతరకు ఫర్హాబాద్ వైపు నుంచి అడవిలోకి సాగే రాళ్లదారి ఈ రబ్బరును నిత్యం పరీక్షిస్తాయి. మన్ననూరు ఎక్కుడులోనూ, దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే వంకర్లలోనూ స్టీరింగు క్షణం విరామం లేకుండా అటూ ఇటూ తిరుగుతుంది కనుక అరిగిన కీలు మైదానంలో కన్నా ఇక్కడ త్వరగా బయటపడుతుంది.

దాని లక్షణాలు స్పష్టమైనవే: గుంతల్లో ముందు వైపు నుంచి టకటకమనే శబ్దం, నేరుగా పోవలసిన చోట బండి అటూ ఇటూ తడబడటం, టైరు అంచు రంపపు పళ్లలా అరగడం. నిర్ధారించుకోవడానికి, ముందు వైపు చక్రాన్ని నేల నుంచి లేపి, గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట్ల రెండు చేతులతో పట్టి ఊపాలి. ఆ ఊపులో ఆట తగిలితే బూటును వేళ్లతో నొక్కి పట్టుకుని, మరొకరు చక్రాన్ని ఊపుతుండగా లోపలి కీలు కొట్టుకుంటున్నదో లేదో గమనించాలి. 12, 6 అంకెల చోట్ల కూడా ఆట ఉంటే దోషం చక్రపు బేరింగులోనో కింది బాల్ జాయింట్‌లోనో ఉండవచ్చు కనుక ర్యాక్ ఎండ్ ఒక్కటే మార్చి తృప్తి పడరాదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే దారిని సాధారణంగా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంచుతారు. ఆ వేళకు అడవి మధ్యలో బండి ఆగిపోవడం మనుషులకూ వన్యప్రాణులకూ క్షేమం కాదు. అందుచేత ఈ కీలును పరీక్షించడం ప్రయాణానికి ముందే, ఇంటి వద్ద పగటి వెలుగులో, గట్టి చదును నేలపై జరగవలసిన పని.

పనిలో తొలి నియమం ప్రాణరక్షణకు సంబంధించినది. వెనుక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బండి నేలపై ఉండగానే చక్రపు నట్లను కొద్దిగా వదులు చేసి, జాకీతో లేపిన తరువాత బరువును తప్పనిసరిగా ఇనుప స్టాండుపైకి దించాలి. జాకీ లేపడానికే తప్ప మోయడానికి కాదు. చక్రం తీశాక టై రాడ్ ఎండ్ నట్టుకు ఉన్న స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి, పుల్లరుతో కీలును నకిల్ నుంచి వేరు చేయాలి. టై రాడ్ ఎండ్‌ను ర్యాక్ ఎండ్‌పై కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టును కదిలించే ముందు దాని స్థానాన్ని రంగుతో గుర్తించి, కీళ్ల మధ్య పొడవును కొలిచి, ఆ తరువాత విప్పుతూ టై రాడ్ ఎండ్ ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో రాసిపెట్టుకోవాలి.

బూటు పట్టీలు విప్పి దాన్ని వెనక్కి జరిపితే లోపలి కీలు కనబడుతుంది. కొన్ని నమూనాలలో దాన్ని కదలకుండా ఉంచే వాషరు రెక్కలను ముందుగా నిటారు చేయవలసి ఉంటుంది. విప్పే బలం పళ్లకడ్డీని మెలిపెట్టి పినియన్ పళ్లపై పడకుండా, కడ్డీపై ఉన్న చదును భాగాన్ని మరొక పానాతో పట్టుకోవడం ఇక్కడి కీలకమైన జాగ్రత్త. పళ్లు దెబ్బతింటే చిన్న భాగం కోసం మొదలైన పని మొత్తం స్టీరింగు గేరు మార్పిడిగా మారుతుంది. కొత్త ర్యాక్ ఎండ్‌ను ఆ కారు వర్క్‌షాపు మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించి, కొత్త వాషరు రెక్కలను వంచి, కొత్త బూటు తొడగాలి. తరువాత టై రాడ్ ఎండ్‌ను రాసిపెట్టుకున్నన్ని చుట్లు తిప్పి నకిల్‌కు తిరిగి బిగించేటప్పుడు, దాని నట్టు గాడి స్ప్లిట్ పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే నట్టును ఇంకాస్త బిగించాలే గాని వెనక్కి వదలకూడదు. పని సాగినంతసేపూ స్టీరింగును ఇష్టం వచ్చినట్లు తిప్పకపోవడం మంచిది, ఎందుకంటే దాని కింద ఎయిర్‌బ్యాగుకు పోయే తీగచుట్ట ఉంటుంది.

ఇంతవరకు చేసినవారికి పని పూర్తయిందన్న భావన సహజంగా కలుగుతుంది. లెక్క మాత్రం దానికి ఒప్పుకోదు. ముందు చక్రాలు రెండూ ఎంత సమాంతరంగా ఉన్నాయో తెలిపే కొలతను టో అంటారు: టైర్ల ముందు అంచుల మధ్య దూరానికీ వెనుక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడా అది. టై రాడ్ మరచుట్టు ఒక్కొక్కటి 1.5 మిల్లీమీటర్లు ఉండి, దాని కొస పట్టుకునే నకిల్ చేతి పొడవు టైరు వ్యాసార్థంలో సుమారు సగం ఉన్నదనుకుంటే, ఒక్క చుట్టు తేడా టైరు ముందంచును 3 మిల్లీమీటర్లు ఒక వైపుకు, వెనుకంచును 3 మిల్లీమీటర్లు ఎదురు వైపుకు జరుపుతుంది. అంటే టో 6 మిల్లీమీటర్లు మారుతుంది. చాలా చిన్న కార్లకు ఉండవలసిన టో సున్నాకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. టో 6 మిల్లీమీటర్లు తప్పి, ఆ తప్పు రెండు చక్రాల మధ్య పంచుకున్నప్పుడు, 56 సెంటీమీటర్ల వ్యాసం గల టైరు ప్రతి కిలోమీటరుకూ 5 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోయినంత రాపిడికి లోనవుతుంది. ఆ బండి హైదరాబాద్ నుంచి శ్రీశైలం చేరేలోగా టైరు కిలోమీటరుకు పైగా అడ్డంగా రాసుకున్నట్లే.

కొత్త కడ్డీ పొడవు పాతదానితో వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సరిపోతుందన్న హామీ లేనందున, చుట్లు లెక్కపెట్టి బిగించడం కారును అలైన్‌మెంట్ కేంద్రం దాకా నెమ్మదిగా తీసుకుపోవడానికి మాత్రమే చాలుతుంది. అక్కడ టో సరిచేయించి, విద్యుత్ స్టీరింగు ఉన్న కార్లలో అవసరమైతే స్టీరింగు కోణపు సెన్సరును కూడా సున్నాకు చేర్పించాలి. ఇంట్లో చేసిన పనికి ఇది చిన్నతనం కాదు, దాని చివరి అంకం. తన కారును తానే విప్పి చూసుకున్న మనిషికి అంతకుముందు లేని ఒక బాధ్యత కలుగుతుంది: బూటు చిరుగును తొలి వానకు ముందే గమనించడం, శబ్దాన్ని వినీ విననట్లు వదిలేయకపోవడం, తన నైపుణ్యానికి హద్దు ఎక్కడ ఉన్నదో దాచుకోకుండా ఒప్పుకోవడం. ఘాట్ మలుపులో ఎదురుగా యాత్రికుల బస్సు వస్తుంది, రోడ్డు పక్కన చెంచు పిల్లలు నడుస్తుంటారు, దుప్పి ఒక్క ఉదుటున దారి దాటుతుంది. వారందరి క్షేమమూ ఆ కొద్ది మిల్లీమీటర్ల కొలతతో ముడిపడి ఉన్నందువల్లనే ఈ మరమ్మతులో డబ్బు ఆదా కన్నా కొలత పట్ల నిజాయితీకి ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది.