పుట్టినింటి మాట – మార్లీన్ డీట్రిచ్

పుట్టినింటివారి యన్యాయమును నిరసించిన యాఁడపడుచు పుట్టినింటికి ద్రోహము చేసినదగునా? జర్మను నటీమణి మార్లీన్ డీట్రిచ్ చరిత్రము చదువుచుండఁగా మాకీ ప్రశ్నయే తోఁచినది.

ఈమె 1901లో బెర్లినునందు జన్మించెను. బాల్యమున ఫిడేలు నభ్యసించెను గాని, మణికట్టు బాధచే విడువవలసి వచ్చెను. 1930లో ‘బ్లూ ఏంజెల్’ చిత్రముచేఁ బ్రఖ్యాతి గాంచి యమెరికాకుఁ దరలెను. నాజీలు రమ్మనినను బోక, 1939లో నమెరికా పౌరురాలై, యుద్ధకాలమున నచ్చటి సైనికులకుఁ బాటలు వినిపించెను. తల్లి మాత్రము బెర్లినులోనే యుండెను. యుద్ధము ముగిసిన 1945లోఁ దల్లీకూఁతుండ్రు కలిసికొనిరి. ఆ యేఁడే తల్లి గతించెను.

1960లోఁ బాడవచ్చిన యామెను స్వదేశీయులే కొందఱు ద్రోహి యనిరి. 1992లోఁ బారిసునందు మరణించిన యామె కోరి బెర్లినులోఁ దల్లి సమాధి చేరువనే విశ్రమించినదని చదివినపుడు మా కన్నులు చెమర్చినవి. 2002లో నా నగర మామెను గౌరవపౌరురాలిని జేసెను.

తప్పును కాదన్న బిడ్డ తల్లిని కాదనలేదు.