ముసురుకి ఇంకో పేరు

నేను అబర్డీన్‌లో దిగింది 2007 నవంబరులో. దిగిన నాలుగో రోజో అయిదో రోజో బస్టాపులో నిలబడి ఉంటే, పక్కనున్న పెద్దావిడ ఆకాశం వైపు చూసి, నా వైపు చూసి, "డ్రీఖ్" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, మూడేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. అది మాటో, ఆవిడ గొంతు సవరించుకుందో కూడా తెలియలేదు.

అది స్కాట్స్ మాటట. వెలుతురు లేకుండా, తడిగా, చల్లగా, ప్రాణం విసిగేలా ఉండే రోజుని అలా అంటారు. సముద్రం మీంచి వచ్చి ఊరిని కమ్మేసే పొగమంచు "హార్". పడుతున్నట్టు కనిపించకుండానే ఒళ్ళంతా తడిపేసే తుంపర "స్మర్". మూడూ ఒకే రోజున చూడొచ్చు. డిసెంబరులో తొమ్మిది కావస్తుండగా తెల్లవారి, మధ్యాహ్నం మూడున్నరకల్లా పొద్దుగూకుతుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా కిటికీలోంచి వెలుతురే. ఊరంతా బూడిదరంగు గ్రానైట్ ఇళ్ళు. వాన పడితే గోడ ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీదు. మొదటి ఏడాది నాకు ఆకలి ఏ వేళకి వెయ్యాలో కూడా అర్థమయ్యేది కాదు.

చలికి కోటు కొనుక్కోవచ్చు. మాటలకి అలా కాదుగా. పొరుగావిడ "మెసేజెస్ కోసం వెళ్తున్నా" అంటే ఫోను చూసుకుంటుందనుకున్నాను; ఆవిడ సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరింది. సాయంత్రం టీకి రమ్మంటే శుభ్రంగా తిని, బిస్కెట్ల పొట్లం పట్టుకుని వెళ్ళాను. అక్కడ బల్లనిండా వంటలు. వాళ్ళకి టీ అంటే రాత్రి భోజనమే.

నా డిగ్రీలు అక్కడ దేనికీ పనికిరాలేదు. 2010లో ఒక వృద్ధాశ్రమంలో పనికి కుదిరాను. వాళ్ళ డోరిక్ నాకు అక్కడే పట్టుబడింది. డోరిక్ అంటే స్కాట్లండ్ ఈశాన్య మూల పలుకుబడి. "వాట్" అనరు, "ఫిట్" అంటారు. "వేర్" బదులు "ఫార్". "ఫిట్ లైక్?" అంటే ఎలా ఉన్నావని. అబ్బాయి "లూన్", అమ్మాయి "క్వైన్". మొదటిసారి ఒక ముసలావిడ నన్ను క్వైన్ అని పిలిచినప్పుడు, అర్థం తెలిశాక, నాకు చెప్పలేనంత ఆశ్చర్యం వేసింది. నలభయ్యేళ్ళకి దగ్గరపడుతున్న నన్ను "గుంటా" అని పిలవడానికి అమ్మ తప్ప ఎవరూ లేరనుకున్నాను మరి.

మాదీ ఈశాన్య మూలే. సోంపేటకీ పలాసకీ మధ్య, ఉద్దానంలో ఒక ఊరు. కొబ్బరి, జీడిమామిడి, వెనకాల సముద్రం. మేమూ "ఏమిటి" అనం, "ఏటి" అంటాం. డిగ్రీకి విశాఖపట్నం హాస్టల్లో చేరినప్పుడు మొదటి రాత్రే "బేగి తినీసి కూకుందాం" అన్నాను. గది గదంతా నవ్వింది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళు చూసిన సినిమాల్లో అలా మాట్లాడేది వంటవాడో, దొంగో, తిక్కదో. నెల తిరిగేసరికి నేను "త్వరగా తినేసి కూర్చుందాం" దగ్గరికి వచ్చేశాను. పెళ్ళి గుంటూరు వైపు వాళ్ళతో అయింది, ఇక వెనక్కి చూడలేదు. వాతావరణానికి తగ్గట్టు బట్టలు మార్చుకున్నట్టే అనుకున్నాను. నేను పరదేశినైంది అబర్డీన్‌లో కాదనీ, ఇంటినుంచి ఒక్క రాత్రి ప్రయాణం దూరంలోనేననీ ఇప్పుడు అనిపిస్తుంది.

దీన్లో నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది నా సంగతి కాదు, అమ్మ సంగతి. అమ్మకి చదువు లేదు. అల్లుడితో మాట్లాడేటప్పుడు, తర్వాత మనవరాలితో ఫోనులో మాట్లాడేటప్పుడు, రేడియోలో విన్న మాటలు ఏరుకుని మాట్లాడేది. "వర్షము కురుస్తున్నదా అమ్మా?" అనేది పాపతో. వాన అమ్మ నోట్లో ఎప్పుడూ "వోన"నే. పాప మన యాస నేర్చుకుంటుందేమోనని నేనే ఒకసారి విసుక్కున్నాను. అమ్మ దాన్ని గుర్తుపెట్టుకుంది.

మనది గిడుగు రామమూర్తిగారి జిల్లా అని మాత్రం గొప్పగా చెప్పుకుంటాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. వాడుక భాష కోసం జన్మంతా పోరాడాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. నాకు ఆయనంటే గౌరవమే. కానీ ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టుల్లో మా అమ్మ ఎప్పుడు ఉంది? బడి మొహం చూడని ఆడవాళ్ళు పుట్టించి, వాడి, అరగదీసిన మాటలు ఆ లెక్కలోకి రానే లేదు.

నన్ను క్వైన్ అని పిలిచిన ఆవిడకి ఒకరోజు తల దువ్వుతుంటే తన బడి కబురు చెప్పింది. టీచరు అడిగినదానికి తెలీదని తన యాసలో జవాబు చెప్పినందుకు అరచేతి మీద తోలుపటకాతో కొట్టారట. ఎనభై ఏళ్ళు దాటాక కూడా చెయ్యి చాపి చూపించింది. గ్రాసిక్ గిబ్బన్ 1932లో రాసిన 'సన్‌సెట్ సాంగ్' నవలలో క్రిస్ అనే అమ్మాయి లోపల ఇద్దరు క్రిస్‌లుంటారు, ఇంగ్లీషు క్రిస్, స్కాట్స్ క్రిస్. ఆ ఇద్దరికీ ఎప్పుడూ పడదు. ఆ పుస్తకాన్ని నేను ఇంగ్లీషు సాహిత్యంలా చదవలేకపోయాను.

చివరి నెలల్లో ఆవిడకి జ్ఞాపకం పోయింది. బడిలో నేర్చిన ఇంగ్లీషు ముందు పోయింది, దెబ్బలు తిన్న భాష మిగిలింది. లండన్‌లో పెరిగిన మనవరాలు వచ్చి మంచం పక్కన కూర్చుంటే ఒక్క ముక్కా అర్థం కాలేదు. నాయనమ్మ ఏమంటోందో ఆ పిల్లకి చెప్పింది ఉద్దానం నుంచి వచ్చిన నేను. ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. రేపు నాకూ మతి పోతే మిగిలేది "ఏటి", "నేదు", "బేగి"లే. మంచం పక్కన కూర్చునే మా పాపకి చెప్పేదెవరు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట. అమ్మ ఇప్పటికీ ఆ పేరు పలకదు, "ఆ గాలివోన" అంటుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు డ్యూటీకి వెళ్తే తోటి అమ్మాయి మర్యాదకి, మీ వైపు గాలి బాగా వేసిందట కదా అంది. ఇక్కడ వాతావరణం బస్టాపులో ఎదుటివాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడటానికి. అమ్మకి అది కూడూ గుడ్డా. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక మా వైపు డ్రీఖ్‌గా ఉందన్నాను, పిచ్చిదానిలా.

ఆరో రోజున లైను కలిసింది. "కొబ్బరి సెట్లన్నీ పడిపోనాయే గుంటా. ఒక్కటీ నిలబడనేదు," అంది అమ్మ. రేడియో మాటలు ఏరుకునే ఓపిక ఆవిడకి లేదు. "నువ్వున్నావు గదే, సెట్లు పోతే పోనీ. ఏటైనా తిన్నావా?" అన్నాను. నా నోట్లోంచి వచ్చాకగానీ అది ఏ భాషో నేను గమనించలేదు. పక్కనున్న పాప గమనించింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. "అమ్మా, నువ్వు డోరిక్ మాట్లాడావు," అంది.

2025లో స్కాట్లండ్ పార్లమెంటు చట్టం చేసి స్కాట్స్‌కి అధికారిక హోదా ఇచ్చింది. ఆ ముసలావిడ అరచెయ్యి గుర్తొచ్చింది నాకు. మన దగ్గర అలాంటి చట్టమేదో రావాలని నేను అడగడం లేదు. పాప ఇప్పుడు అమ్మమ్మతో ఫోనులో కూర్చుని మాటలు రాసుకుంటోంది. ఆ పుస్తకంలో ఒకవైపు అమ్మమ్మ మాట, పక్కన డోరిక్. కొన్నిటికి ఇంగ్లీషు గడి ఖాళీగా ఉంది.

తుపాను తర్వాతి ఏడాది నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మొన్న ఆదివారం అమ్మకి డ్రీఖ్ అంటే ఏమిటో వివరించి చెప్పింది పాప. అంతా విని, "అదేటే, ముసురే గదా," అంది అమ్మ. కాసేపాగి, ఫోను నాకివ్వమని అడిగి తీసుకుని, "రోజూ ముసురైతే మరి బట్టలెక్కడారేత్తావే?" అంది.