గ్రీకుల నిప్పు

ఒక దేశపు పొయ్యిని చూచినగాని యా దేశపు గృహధర్మము తెలియదు. గ్రీసుదేశమున మేము మొదట నేర్చుకొన్న మాటలలో నిప్పు పేరొకటి. పూర్వులు దానిని 'ప్యూర్' అనిరి. నేటివారు 'ఫొత్యా' యందురు. ఈ రెండవమాట వెలుగునకు పేరగు 'ఫోస్' నుండి పుట్టినది.

పూర్వము గ్రీకులకు పొయ్యి కధిదేవత హెస్టియా. ఇంటిలోని పొయ్యియే యామె పీఠము. శిశువు పుట్టిన కొలదిదినములకు ఎత్తుకొని యా పొయ్యిచుట్టును త్రిప్పి కుటుంబమున చేర్చుకొనుచుండిరి. పెండ్లిరాత్రి తల్లి కాగడా పట్టుకొని కొమార్తెను అత్తవారింటికి సాగనంపెడిది. అగ్నిసాక్షిగ వివాహమాడు మనకిది వింతగ దోపదు. పరదేశమున క్రొత్తయూరు కట్టబోవువారు తమ పురమందలి పొయ్యినుండి నిప్పు గొనిపోయెడివారు.

ఆ దేవత కొలువు నేడు లేకున్నను నిప్పును ఇంటికి దెచ్చుకొను వేడుక పోలేదు. ఈస్టరునాటి నడిరేయి చర్చిలో వెలిగించిన క్రొవ్వొత్తిని ఆరనీయక యిల్లు చేర్చి, దాని మసితో ద్వారబంధముపై సిలువగుర్తు వేయుదురు.

అయితే వేసవిలో 'ఫొత్యా' యను కేక వినబడిన జనులు గుండెలు పట్టుకొందురు. సూర్యకిరణములను అద్దమున బట్టి ఒలింపిక్ జ్యోతిని వెలిగించు ప్రాచీన ఒలింపియా క్షేత్రపు టంచువరకు 2007 ఆగస్టులో కార్చిచ్చు వచ్చినది. 2018 జూలైలో ఏథెన్సు చెంత, సముద్రతీరమందలి మాటి గ్రామమున చెలరేగిన మంటలలో నూర్గురికి పైగా మరణించిరి.

పొయ్యిలోని నిప్పు ఇల్లు నిలుపును. అడవి కెక్కిన నిప్పు ఊరు మ్రింగును. గ్రీకులకు రెంటికిని పేరొక్కటే.