బందరు కుర్రాడు, సూరత్ వీధులు

సూరత్ గురించి మా ఊళ్ళో ఉండగా నేను విన్నవి రెండే సంగతులు. విజయవాడ వస్త్రలతలో చీర మడత విప్పగానే మా అమ్మ మూతి విరిచి, "సూరత్ సరుకు, రెండు ఉతుకులకు తేలిపోద్ది" అనేది. ఇక మా సోషల్ మాస్టారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మన బందరులో దిగి వర్తక కోఠీ పెట్టుకుందనీ, సూరత్‌లో నిలదొక్కుకున్నది ఆ తర్వాతేననీ చెబుతూ, ఆ 'తర్వాతే'ని గట్టిగా ఒత్తి పలికేవారు. కౌన్సెలింగులో నాకు సూరత్ ఎన్ఐటీలో సీటు వస్తే ఇంట్లో అందరికీ అమ్మ మాటే గుర్తొచ్చింది. నవజీవన్ రైలు ఎక్కాక, వరంగల్ దాటి చీకటి పడ్డాక, నాకు మాత్రం మాస్టారి మాట గుర్తొచ్చింది.

కాలేజీ ఇచ్ఛానాథ్‌లో ఉంది. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది, ఇప్పుడు సర్దార్ పటేల్ పేరుతో ఎన్ఐటీ. హాస్టలు మెస్సులో పప్పు తియ్యగా ఉంటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను. మొదటి పరీక్షలు అయ్యాక దొరికిన శని, ఆదివారాల్లో ఊరు చూద్దామని రూమ్మేటూ నేనూ అనుకున్నాం. వాడిది సిరిసిల్ల. వాళ్ళ చిన్నాయన లింబాయత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. శనివారం నేను అన్నచోటికి, ఆదివారం వాడు అన్నచోటికి అని ఒప్పందం.

పొద్దున్నే సిటీలింక్ బస్సెక్కి చౌక్ బజార్‌లో దిగాం. తాపీ నది ఒడ్డునే కోట. పోర్చుగీసువాళ్ళ ఓడలు మాటిమాటికీ వచ్చి ఊరు తగలబెట్టి పోతుంటే గుజరాత్ సుల్తాను ఆజ్ఞ మీద ఖుదావంద్ ఖాన్ కట్టించాడు, 1546కి పూర్తయింది. కార్పొరేషన్ దాన్ని బాగుచేయించి మ్యూజియం పెట్టింది. బురుజు మీద నిలబడితే నది వెడల్పుగా, మట్టిరంగులో, తొందరేమీ లేనట్టు కదులుతోంది. వంతెనల మీద మోటారు సైకిళ్ళు మాత్రం తొందరలోనే ఉన్నాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ గేట్లెత్తితే ఊరంతా మునిగిందని ఇక్కడ ఎవర్ని కదిపినా చెబుతారు. గోడ దగ్గర నిలబడి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపిస్తారు. మా బందరులో పెద్దవాళ్ళు 1977 ఉప్పెనను అలాగే చూపిస్తారు.

కోట నుంచి ముగ్లీసరాకి నడిచాం. షాజహాన్ కాలంలో, 1644లో, బాటసారుల కోసం కట్టిన సరాయి అది. మక్కాకు ఓడ ఎక్కే హజ్ యాత్రికులు అందులో బస చేసేవారు. ఇప్పుడు అందులో సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ఉంది. యాత్రికులు పడుకున్న గదుల్లో ఇప్పుడు ఫైళ్ళు పడుకుంటున్నాయి అని రాయబోయాను గానీ, ఈ కార్పొరేషన్ విషయంలో ఆ మాట న్యాయం కాదు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వస్తే లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చినవాడు మనవాడే, సూర్యదేవర రామచంద్రరావు. అధికారులు రోజూ పొద్దున ఏసీ గదులు వదిలి వీధుల్లోకి వెళ్ళి చెత్త ఎత్తడం చూసుకోవాలన్నాడు. దాన్నే 'ఏసీ టు డీసీ' అన్నారు, డీసీ అంటే డైలీ చోర్స్. అక్రమ కట్టడాలు కూలగొట్టేటప్పుడు పెద్దవాళ్ళవీ వదల్లేదని పేరు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. గేటు దగ్గర కాపలా పెద్దాయన మేం తెలుగువాళ్ళమని తెలుసుకుని, "రావు సాబ్ వైపు వాళ్ళా?" అన్నాడు. మా ఇద్దరి ఊళ్ళూ వేరు, రావు సాబ్ ఊరు ఇంకోటి. అయినా అవునన్నాం.

అక్కడ్నించి ఆటోలో కతార్గాం దర్వాజా. రూమ్మేటు మొహం మాడ్చుకున్నాడు. "సెలవు దొరికితే బొందలగడ్డకు తీస్కపోతవా?" అన్నాడు. తీసుకుపోయాను. ఇంగ్లీషువాళ్ళ స్మశానంలో ఆక్సెండెన్ అన్నదమ్ముల సమాధి ఉంది. క్రిస్టఫర్ 1659లో పోయాడు, జార్జి 1669లో. 1664 జనవరిలో శివాజీ సూరత్ మీద పడి దోచుకున్నప్పుడు కోఠీ తలుపులు బిగించుకుని కాపాడుకున్నది ఈ జార్జే. గుమ్మటాలూ స్తంభాలూ మెట్లూ చూస్తే కంపెనీ గుమాస్తా సమాధి అనిపించదు, ఏ నవాబుదో అనిపిస్తుంది. దగ్గర్లోనే డచ్చివాళ్ళ స్మశానం. ఇంగ్లీషువాళ్ళను చూసి పంతానికి పోయి వీళ్ళూ అంతటి గుమ్మటం లేపారు, దాని కింద వాన్ రీడ్ ఉన్నాడు. కేరళ మొక్కల మీద పన్నెండు సంపుటాల 'హోర్టస్ మలబారికస్' తయారుచేయించినవాడు. డచ్చి కంపెనీ కోఠీల్లో లంచగొండితనం తనిఖీ చేయడానికి కమిషనర్ జనరల్‌గా వచ్చి, మన కోరమండల్ తీరం కూడా చూసుకుని, సూరత్‌కు వస్తూ 1691లో దారిలోనే సముద్రం మీద చనిపోయాడు. తనిఖీ అధికారికి ఇంత పెద్ద సమాధి కట్టినవాళ్ళు ఆయన పోయాడన్న సంతోషంతో కట్టారేమోనని నాకు అనుమానం.

బందరులోనూ డచ్చి సమాధులున్నాయి. నేలబారు రాతిపలకలు, వాటి మీద అక్షరాలు, చుట్టూ గడ్డి. చిన్నప్పుడు అక్కడ క్రికెట్ ఆడాం. ఇక్కడి గుమ్మటం నీడలో నిలబడి రెండు ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. రెండూ నది మూతి రేవులే. రెండింటికీ అవే కంపెనీలు వచ్చాయి, రెండు రేవుల్లోనూ ఇసుక మేట వేసింది. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు 1687లో పీఠాన్ని బొంబాయికి ఎత్తేశారు. 1837లో ఒకే ఏడాది మంటలూ వరదా వచ్చి సూరత్ సగం చచ్చింది. బందరును 1864 ఉప్పెన ముంచితే ముప్పై వేల మంది దాకా పోయారంటారు. సూరత్ మళ్ళీ లేచింది, ఎలా లేచిందన్నదే నాకు కావలసింది.

మధ్యలో ఆకలి. లోచో తిన్నాం. నానబెట్టిన శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించి, వేడివేడిగా ఆకారం లేకుండా ప్లేటులో పడేసి, పైన నూనె, సేవ్, ఉల్లిముక్కలు, పచ్చచట్నీ. ఒక్క ముద్దతో మెస్సు పప్పును క్షమించేశాను. డచ్చివాళ్ళు వెళ్ళిపోతూ తమ బేకరీని పార్శీ పనివాడికి అప్పగిస్తే అక్కడ్నించి నాన్‌ఖటాయి పుట్టిందని సూరత్ వాళ్ళు చెప్పుకుంటారు. మాకు మాత్రం రాతిపలకలే వదిలిపోయారు.

మహిధర్‌పురాలో వజ్రాల బజారు రోడ్డు మీదే. స్కూటరు సీటే బల్ల. దాని మీద తెల్లకాగితపు పొట్లం విప్పి, చిమటాతో ఒక్కో రాయీ ఎత్తి కంటి దగ్గర భూతద్దం పెట్టి చూస్తారు, తల అడ్డంగా ఊపుతారు, పొట్లం మూసేస్తారు. తుపాకీ పట్టుకున్నవాడు ఒక్కడూ కనిపించలేదు. సరుకూ డబ్బూ ఊరు దాటించేది అంగడియాలు, అదంతా నమ్మకం మీద. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే పోతాయంటారు, గనులేమో ఇక్కడ ఒక్కటీ లేవు. గనులున్నది మన దగ్గర. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు సూరత్‌లో దిగి గోల్కొండకు దారి పట్టింది కొల్లూరు రాళ్ళ కోసమే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఊరి అంచున ఖజోద్‌లో డైమండ్ బోర్స్ 2023 డిసెంబరులో తెరిచారు, పెంటగాన్ కంటే పెద్ద ఆఫీసు భవనం అని గొప్ప. అయినా ఈ బ్రోకర్లు స్కూటర్లు దిగలేదు. ల్యాబ్ వజ్రాలొకవైపు, అమెరికా సుంకాలొకవైపు, గిరాకీ పడిపోయిందని ఒకాయన నాతో హిందీలో వాపోతూనే పొట్లం విప్పాడు.

సాయంత్రం రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు. లిఫ్టుల ముందు మనుషులకంటే మూటలు ఎక్కువ. తలమీద బేళ్ళు మోసేవాళ్ళు 'సైడ్, సైడ్' అంటూ మనల్ని గోడకు నెట్టి పోతారు. చెల్లికి చున్నీ కొందామని ఒక గదంత దుకాణంలో కూర్చున్నాం. కుర్రాడు తాను మీద తాను విప్పి పరుస్తున్నాడు. ఒక దాని మీద నెమళ్ళు, తీగలు, మామిడి పిందెలు, అంచున తామరలు. అచ్చంగా మా నాన్న అచ్చులు. మా నాన్న పెడనలో అద్దకం పనివాడు. బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, పాత ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగులో టేకు అచ్చు ముంచి, అరచేత్తో దాని వీపు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఎర్రకు పటిక, ఉడకబెట్టడం, కాలవలో జాడింపు, మళ్ళీ ఎండ. దుప్పటి చేతికి రావడానికి రోజులు పడతాయి. ఇక్కడ పాలిస్టరు మీద మిషను కొట్టేస్తోంది. దుకాణం సేట్ గర్వంగా, "కలంకారీ, మీ ఆంధ్రా డిజైనే. విజయవాడకు, హైదరాబాదుకు బాగా పోతుంది" అన్నాడు.

కోపం వచ్చింది, దాచను. కాసేపటికి కుతూహలం దాన్ని పక్కకు నెట్టింది. ఏ డిజైను ఏ ఊళ్ళో ఏ నెలలో పోతుందో ఆయనకు నోటికి తెలుసు. శ్రావణానికి మనకు ఏం పంపాలో, ఛఠ్ పండక్కి బీహార్‌కు ఏం పంపాలో వేళ్ళమీద లెక్కపెట్టాడు. మా పెడనలో ఆ లెక్క చెప్పగలవాడు నాకు తెలిసి లేడు. పనితనం మా దగ్గర, లెక్క వీళ్ళ దగ్గర. ఒకప్పుడు ఈ అద్దకం గుడ్డల మోజు భరించలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో దిగుమతులు నిషేధించాయి, తర్వాత వాళ్ళే మిషన్ల మీద అచ్చు వేసుకున్నారు. కాబట్టి సేట్ కొత్తగా చేసిన పాపమేమీ లేదు. చున్నీ మాత్రం వేరేది కొన్నాను.

ఆదివారం పొద్దున డుమాస్ బీచ్ చూశాం. నల్ల ఇసుక, ఆటుకు సముద్రం ఎక్కడికో వెళ్ళిపోయి బురద మిగిలింది. దయ్యాల కథలు చాలా చెబుతారు గానీ టమాటా బజ్జీలే నిజం. మా మంగినపూడి బీచ్‌లోనూ నేల నలుపే, కానీ మునగడానికి నీళ్ళుంటాయి.

మధ్యాహ్నానికి లింబాయత్ చేరాం. ఆటో దిగగానే చెవుల్లో తెలుగు పడింది. కిరాణా కొట్టు ముందు ఇద్దరు ముసలివాళ్ళు కరీంనగర్ మాటలో ఎన్నికల సంగతి తిట్టుకుంటున్నారు. చిన్నాయన ఇల్లు మేడమీద ఒక గది. "ఏ ఊరు కొడుకా నీది? బందరా? అబ్బ, శానా దూరం నుంచి అచ్చినవ్" అని చాప పరిచాడు. చిన్నమ్మ పచ్చిపులుసు, మటన్ పెట్టింది. తింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు.

తిన్నాక చెప్పాడు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకింత అని కూలి. పక్క మగ్గం మీద గంజాం నుంచి వచ్చిన ఒడియా అతను, దాటితే ఖాందేశ్ మరాఠీలు. సిరిసిల్లలోనూ మగ్గాలున్నాయి కదా అంటే, "మగ్గాలున్నయ్, పని ఏడాదంత ఉండది" అన్నాడు. 2017లో తెలంగాణ సర్కారు మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు సిరిసిల్లలో అన్నీ నేయడానికి టైం చాలక కొన్ని సూరత్ నుంచి తెప్పించారు. నాసిరకమని ఊళ్ళల్లో ఆడవాళ్ళు గొడవ చేశారు. చిన్నాయన పగలబడి నవ్వాడు. "మా అమ్మకు సర్కారు చీర అచ్చిందిరా. అది నేను నేసిందే కావచ్చు. నా కొడుకు సూరత్ పోయిండు అని ఏడ్చే ముసలామెకు సూరత్ చీరే పంపిండ్రు."

వాళ్ళ బిడ్డ మున్సిపాలిటీ తెలుగు బడిలో చదువుతోంది. సూరత్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మీడియంలలోనూ బడులు నడుపుతుంది. పరాయి ఊరు మన అక్షరాలకు జీతమిచ్చి పంతుళ్ళను పెట్టడం నాకు పెద్ద విషయంగానే తోచింది. ఆ పిల్లకు తోచలేదు. తెలుగులో మొదలుపెట్టి గుజరాతీలో ముగించే వాక్యాలతో, మేం గోపీ తలావ్ చూడలేదని, చాందనీ పడ్వో పండక్కి ఘారీ మిఠాయి తినకపోతే సూరత్‌లో ఉన్నట్టే కాదని దులిపేసింది.

ఆ రోజు పెత్రమాస. సాయంత్రం సందులో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చారు. గునుగు, తంగేడు దొరకవు కాబట్టి బంతి, చేమంతి. పక్క గుజరాతీ ఆడపిల్లలు మర్నాటి గర్బాకు రిహార్సల్‌గా ఈ వలయంలోనూ దూరారు. చప్పట్ల లెక్క తప్పితే నవ్వుకున్నారు.

బస్టాపు దాకా చిన్నాయన వచ్చాడు. సంక్రాంతికి ఇంటికి పోతావా అని అడిగి, నేను తలూపగానే నా ఫోన్ తీసుకుని తారీఖులు వెనక్కి లెక్కపెట్టాడు. "రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తరు. నవంబరు రెండో వారంల పొద్దుగాల ఎనిమిదింటికి ఫోన్ పట్టుకొని కూసో. నవజీవన్ల మనోళ్ళే సగం, పది నిమిషాలు లేటైతే వెయిటింగే" అన్నాడు. రూమ్మేటు అలారం పెట్టాడు, ఇద్దరికీ.