నీలిగీత వెంట

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో మా ఊరి చర్చి బురుజులో ఆరు గంటలున్నాయి. చిన్నది ట్రెబుల్, బరువైనది టెనర్. మా టెనర్ అర టన్ను పైనే తూగుతుంది. ఒక్కో గంటనూ పెద్ద చక్రానికి బిగించి ఉంచుతారు. కిందినుంచి తాడు లాగితే మూతి పైకెత్తి నిలబడ్డ గంట ఒక పూర్తి చుట్టు తిరిగి, మోగి, మళ్లీ మూతి పైకెత్తి ఆగుతుంది. తిరగడం మొదలయ్యాక దాన్ని తొందరపెట్టలేం. పైన నిలిచే ఆ క్షణంలో మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచవచ్చు, లేదా ముందుగానే లాగవచ్చు. అంటే, వరుసలో ఒక గంట ఒక్క చోటు మాత్రమే ముందుకో వెనక్కో జరగగలదు. పాటలు కుదరవు. ఈ కట్టుబాటులోంచే చేంజ్ రింగింగ్ పుట్టింది: గంటల వరుసను ప్రతిసారీ మారుస్తూ పోవడం. 1677లోనే ఫేబియన్ స్టెడ్‌మన్ దీనిమీద ‘కాంపనలోజియా’ అనే పుస్తకం వేశాడు.

ఆరు గంటలకు 720 వరుసలు, ఎనిమిదింటికి 40,320. ఒక్కటీ రెండోసారి రాకూడదు, కాగితం చూడకూడదు. 1963లో మా పక్కనే లఫ్‌బరోలో, గంటలు పోతపోసే టేలర్ వాళ్ల ఫౌండ్రీ బురుజులో ఎనిమిదిమంది ఆ 40,320 వరుసలనూ మోగించారు. పదిహేడు గంటల 58 నిమిషాలు పట్టింది, మధ్యలో మనిషి మారలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేను నేర్చుకుంటున్నది ప్లెయిన్ బాబ్ మైనర్ అనే వరుసమార్పు పద్ధతి. ఇందులో అంకెలు బట్టీ పట్టి లాభం లేదు. మన గంట నడిచే దారిని, బ్లూ లైన్‌ను, మనసులో గీసుకోవాలి. ట్రెబుల్‌ను పక్కనపెడితే తక్కిన అయిదింటిదీ ఒకే గీత, మొదలుపెట్టే చోటే వేరు. ఉదాహరణకు, వెనకనుంచి ముందుకు దిగుతూ నాలుగో చోటికొచ్చాను, మూడుకొచ్చాను. సరిగ్గా అప్పుడు ట్రెబుల్ మొదటి చోటికి చేరింది. నేను ఒక్క అడుగు వెనక్కి, నాలుగుకు వెళ్లి, మళ్లీ మూడుకు రావాలి. దీన్ని డాడ్జ్ అంటారు. ఆ రెండు మూడు క్షణాల్లో నేనెవరి వెనక లాగాలో ప్రతిసారీ మారిపోతుంది.

నేర్పే పెద్దావిడ ఒకటే మాట చెబుతారు: “మీ తాడు చూసుకోకండి, అందరి తాళ్లూ చూడండి.”

మా తాతగారితో చిన్నప్పుడు అష్టావధానాలకు వెళ్లేవాణ్ని. నడుమ గంట కొడుతుంటే అవధాని లెక్క తప్పకుండా పద్యం చెప్పేవారు. ఆ ధారణకు నేనిప్పటికీ దణ్ణం పెడతాను. కానీ అక్కడ ధారణ చేసేది ఒక్కరే. ఇక్కడ ఆరుగురూ కలిసి ఒక్క ధారణను మోయాలి. ఒకరి దారి తప్పితే పక్కవారి దారీ చెదురుతుంది. అయినా తమ గీత గట్టిగా పట్టుకున్నవాళ్లు తల ఊపి, కళ్లతో సైగచేసి తప్పినవారిని లోపలికి లాక్కుంటారు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. నేను క్రైస్తవుణ్ని కాను, ఆ సంగతి అక్కడ ఎవరూ అడగనూ లేదు. ఆరో తాడు పట్టే మనిషి కావాలి, అంతే.

ఇలా చక్రం మీద తిరిగే గంటలు మన దేశంలోనూ ఉన్నాయి, పుణెలోని హోలీ నేమ్ చర్చిలో, ఎనిమిది. ఈసారి హైదరాబాద్‌కు పుణె మీదుగా వెళ్దామని ఇంట్లో చెప్పేశాను.